కుడివైపు వెనక తలుపు

మార్చి పదకొండు, మంగళవారం. ఆ పొద్దున ఇంట్లో తిన్నది కాల్చిన రొట్టె, ఉడికించిన గుడ్లు, తలా సగం అరటిపండు. ఒక గుడ్డు ఒలుస్తుంటే పెంకుతో పాటు తెల్లసొన కూడా ఊడి వచ్చింది. కోడలు దాన్ని తన పళ్ళెంలో వేసుకుని, నున్నగా వచ్చిన గుడ్డును మామగారి వైపు జరిపింది. పెద్దాయన చూడనట్టే రొట్టె తుంచుకున్నాడు గానీ, చూశాడు.

ఏడున్నరకి ఆమె కారు తీసింది. ముదురు నీలం రంగు కారు, ఏడు సీట్లు. వీధి వీధీ తిరిగి ఆరుగురు పిల్లల్ని ఎక్కించుకుని బడిలో దించడం, సాయంత్రం మళ్ళీ ఇళ్ళకి చేర్చడం ఆమె పని. ఆరేళ్ళుగా చేస్తోంది. ఆరేళ్ళలో ఆ కారు ఒంటి మీద గీత పడలేదు. ఇరుకు సందులోంచి ఆమె బండి వెనక్కి తీస్తుంటే చూసి ఎదురింటి దర్జీ ఒకసారి, "సూదిలో దారం ఎక్కిస్తున్నట్టుంటుందయ్యా మీ కోడలు బండి తీస్తుంటే," అన్నాడు. పెద్దాయన ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అప్పుడప్పుడు తీసి చూసుకునే వస్తువులా దాన్ని తన దగ్గరే ఉంచుకున్నాడు.

తొమ్మిది కాకముందే కారు తిరిగొచ్చింది. ఆయన పెరట్లో కుళాయి వాషరు మారుస్తున్నాడు. ముందు తలుపు మూసిన చప్పుడు మామూలుగానే ఉంది. తర్వాత వెనక తలుపు ఎవరో తీసి మూశారు. ఆ చప్పుడుకి ఆయన చేతిలో పానా ఆగిపోయింది. నలభై ఏళ్ళు రాగి బిందెలు, కాగులు కొట్టిన కంచరి చెవి అది. సొట్టపడిన పాత్రని ఆయన తట్టి చూడక్కర్లేదు, ఎవరైనా కింద పెడితే చాలు తెలిసిపోతుంది.

"ఏమైందమ్మాయ్?" అంటూ ముందుకొచ్చాడు.

కుడివైపు వెనక తలుపు మధ్యలో పళ్ళెమంత సొట్ట. రంగు మాత్రం ఎక్కడా పగల్లేదు. కోడలు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, దాన్ని మొదటిసారి చూస్తున్నదానిలా చూస్తోంది.

"బడి గేటు, మామయ్యా. కారాపి, దిగి, చిన్నదాన్ని లోపలికి పంపుతున్నాను. వాచ్‌మన్ గేటు వదిలేశాడు. గాలికి తిరిగొచ్చి కొట్టింది."

"మరి వాళ్ళేమన్నారు?"

"మేనేజరు వచ్చాడు. ఆగున్న కారుని గేటు కొట్టింది సార్ అన్నాను. 'ఆ గేటు పదేళ్ళుగా అక్కడే ఉందమ్మా, నీ కారే వచ్చి దానికి తగిలింది' అన్నాడు." ఆమె నవ్వబోయింది, నవ్వు రాలేదు. "వాచ్‌మన్ తన చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాడు."

జేబులోంచి కాగితం తీసి ఇచ్చింది. డ్రైవరు అజాగ్రత్త వల్ల వెనక తలుపు దెబ్బతిన్నదనీ, సోమవారం నాటికి వాహనం లోపం లేకుండా చూపించాలనీ, అంతవరకు పిల్లల్ని ఎక్కించకూడదనీ అందులో ఉంది.

"సోమవారం దాటితే?"

"ఆరుగురినీ ఇంకో బండికి రాసేస్తారట."

పెద్దాయన కాగితం మడిచి తిరిగి ఇచ్చాడు. మడత సరిగ్గా 'అజాగ్రత్త' అన్న మాట మీద పడింది. ఆమె దాన్ని విప్పి ఇంకో చోట మడిచి జేబులో పెట్టుకుంది.

మధ్యాహ్నం ఇద్దరూ కలిసి వర్క్‌షాపుకి వెళ్ళారు. కారు నడిపింది ఆమె, తాళాలు ఆమె చేతిలో ఉన్నాయి, సొట్ట గురించి చెప్పింది ఆమె. మేస్త్రి మాత్రం మొదటి నుంచి చివరిదాకా పెద్దాయనతోనే మాట్లాడాడు.

"ఆడవాళ్ళ చేతికి బండిస్తారు, మాకు చేతినిండా పని దొరుకుతుంది. అంతే కదా పెద్దాయనా?"

"బండి ఆగి ఉంది," అంది కోడలు.

"అందరూ అదే అంటార్లెండి," అన్నాడు మేస్త్రి, పెద్దాయన వైపు కన్నుగీటి. "లప్పం పెట్టి రంగేస్తాం. పది రోజులు పడుతుంది."

"సుత్తితో తియ్యరా?" అని అడిగాడు పెద్దాయన.

"సుత్తి పట్టేవాడెవడండీ ఇప్పుడు? గుంట పూడ్చడం, రుద్దడం, రంగు కొట్టడం. మీకంత పట్టింపుంటే తలుపే మార్చేస్తాం. అది పదిహేను రోజులు."

షెడ్డులో ఇంకో కారు తలుపుకి ఒకతను లప్పం రుద్దుతున్నాడు. బూడిద రంగు పొడి రాలుతోంది. గోడకి మెత్తినంత మందం ఉంది. పెద్దాయన దగ్గరికి వెళ్ళి వేలితో తట్టాడు. చప్పుడే రాలేదు. చెవిటివాణ్ణి పిలిచినట్టుంది.

తిరిగొచ్చేటప్పుడు సిగ్నలు దగ్గర కారు ఆగినప్పుడు ఆమె ముందుకు చూస్తూనే అడిగింది.

"మనమే తీస్తే, మామయ్యా?"

"మనమంటే?"

"మీరే."

ఆయన తన కుడిచేతిని మెల్లగా తొడ కిందికి జరుపుకున్నాడు. "రాగి వేరు, ఇనప రేకు వేరు. రాగి చెప్పిన మాట వింటుంది. ఇనుము పగబడుతుంది."

"పగ తీరేదాకా బతిమాలుకోలేమా?"

"ఊరుకో అమ్మాయ్. ఈ చేత్తో సుత్తి పట్టి నాలుగేళ్ళయింది. మోకాళ్ళు కూడా బాలేవు."

బిందెల అంగడి మూసినప్పుడు అడిగినవాళ్ళందరికీ ఆయన మోకాళ్ళ పేరే చెప్పాడు.

సాయంత్రం కొడుకు బేకరీ నుంచి వచ్చాడు. తెల్లవారుజామున పొయ్యి దగ్గరికి వెళ్ళే మనిషి, ఏడింటికే ఆవలిస్తాడు. సంగతంతా విని, పిండి అంటిన కనుబొమలు ఎగరేశాడు.

"ప్రయోగాలొద్దు నాన్నా. అది కారు, బిందె కాదు. మేస్త్రికిచ్చి పది రోజులు ఓపిక పడదాం. మేనేజరుని నేనెళ్ళి బతిమాలతాను."

"నువ్వెందుకు బతిమాలడం?" అంది కోడలు.

"మరి?"

"తప్పు చేసినవాళ్ళు కదా బతిమాలాల్సింది." ఆమె పళ్ళేలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. కొడుకు తండ్రి వైపు చూశాడు. తండ్రి పైకప్పు వైపు చూశాడు.

*

బుధవారం పొద్దున పెద్దాయన లేచేసరికి కోడలు కారు వెనక సీట్లో కూర్చుని, చెంచా వెనకభాగంతో తలుపు లోపలి అట్టని ఒక్కో క్లిప్పూ ఊడదీస్తోంది. కిందటేడు అద్దం దిగకపోతే తనే విప్పి బాగుచేసుకుంది, ఏ క్లిప్పు ఎక్కడుందో ఆమె వేళ్ళకి తెలుసు. అట్ట ఊడాక లోపల ఇంకో ఇనప పలక, దానికి మూడు కన్నాలు కనిపించాయి. ఆ కన్నాలకి అవతల, చీకట్లో, సొట్టపడిన రేకు వీపు ఉంది.

"ఊరికే చూద్దామని తీశాను," అంది. తర్వాత తల దువ్వుకుని, బడివాళ్ళు నిన్ననే కబురు చేసినా పిల్లల తల్లిదండ్రులకి తనే స్వయంగా చెప్పి వస్తానని ఆరిళ్ళకీ నడిచి బయల్దేరింది.

ఆయన ఒక్కడే మిగిలాడు. కన్నంలోంచి చెయ్యి పెట్టి రేకు వీపు తడిమాడు. 'ఇదేముంది, మెడ సన్నటి బిందే కదా,' అనుకున్నాడు. చెయ్యి పట్టని బిందెల్లో సొట్టలు తియ్యడానికి కంచరుల దగ్గర ఒక వంపు కమ్మీ ఉంటుంది. మూరెడు పొడుగు, కొస గుండ్రంగా, అద్దంలా నునుపుగా ఉంటుంది. మంచం కింద పెట్టెలో గోనెగుడ్డ చుట్టుకుని అది నాలుగేళ్ళుగా పడుకునే ఉంది. దాన్ని తెచ్చాడు. ఎడమ చేత్తో కొస నిలిపి, కుడిచేతిని దాని మీద అదిమిపెట్టి, సొట్టలో ఎక్కడ బాగా లోతుగా ఉందో అక్కడ ఆనించి నొక్కాడు.

టంగుమని సగం సొట్ట ఒక్కసారిగా పైకి వచ్చేసింది.

పెద్దాయన చుట్టూ చూశాడు. చూసినవాళ్ళెవరూ లేరు. "హు!" అన్నాడు పైకే. మేస్త్రి గుర్తొచ్చాడు, కొడుకు గుర్తొచ్చాడు. ఛాతీ కాస్త ముందుకొచ్చింది. ఆ ఊపులో మళ్ళీ అదే లోతులో, ఇంకొంచెం గట్టిగా నొక్కాడు. రాగికైతే అదే పద్ధతి. లోతులో మొదలుపెట్టి అంచులకి రావాలి, రాగి దెబ్బ దెబ్బకీ పరుచుకుంటూ సర్దుకుంటుంది. ఈ రేకు సర్దుకోలేదు. బయటికి వచ్చి చూస్తే, మిగిలిన గుంట గుంటగానే ఉంది, దాని నడుమ కందిగింజంత మొటిమ లేచి ఉంది.

ఆయన ఆ మొటిమ మీద బొటనవేలు పెట్టాడు. తీశాడు. మళ్ళీ పెట్టాడు. కమ్మీని గోనెగుడ్డలో చుట్టి పెట్టెలో పెడదామా అనుకున్నాడు. పెట్టలేదు. ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు.

కోడలు పదకొండింటికి వచ్చింది. చెప్పులు విప్పకముందే ఆయన చెప్పేశాడు.

"చెడగొట్టానమ్మాయ్."

ఆమె తలుపు ముందు గొంతుక్కూర్చుంది. తల ఇటు వంచి చూసింది, అటు వంచి చూసింది.

"సగం వచ్చేసింది మామయ్యా!"

"ఆ మొటిమ చూడు ముందు."

"నా కారెక్కే పిల్లల్లో పెద్దవాడి ముక్కు మీద సరిగ్గా ఇలాంటిదే ఉంది. వాడు రోజూ అద్దంలో చూసుకుని ఏడుస్తాడు, మీలాగే."

"నవ్వులాట కాదు. చెయ్యి వణికిందో, రేకు గుణమే అంతో నాకే తెలీదు. మేస్త్రికే ఇచ్చెయ్. నా చెయ్యి..." ఆయన ఆగాడు. చెయ్యెత్తి చూపించబోయి ఒళ్ళోనే ఉంచాడు. "మోకాళ్ళు కాదమ్మా. చెయ్యి. నాలుగేళ్ళుగా."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"మీకు టీ సగం గ్లాసే ఎందుకు పోస్తాననుకున్నారు? తాగాక మళ్ళీ పోస్తాను కదా."

పెద్దాయన లెక్కేసుకున్నాడు. నాలుగేళ్ళు, రోజుకి రెండుసార్లు. కోడలు పిసినారిదేమోనని ఒకటి రెండుసార్లు అనుకున్నాడు కూడా. ఆ సంగతి తలచుకుంటే ఇప్పుడు చెవులు వేడెక్కాయి.

ఆమె ఆయన ఒళ్ళోంచి కమ్మీ తీసుకుంది. బరువు చూసింది. అటూ ఇటూ తిప్పింది.

"తలుపు నాది. నా చేత్తో నేను తీస్తాను. ఎక్కడ నొక్కాలో, ఎంత నొక్కాలో మీరు చెప్పండి. మీ అరచెయ్యి వణికినా దానికి తెలిసేది తెలుస్తుంది కదా?"

ఆయన నలభై ఏళ్ళలో ఎందరికో పని నేర్పాడు. ఎవరూ ఇంత తిన్నగా అడగలేదు.

"కారు మీద కాదు. ముందు డబ్బా తీసుకురా," అన్నాడు.

*

ఆ రోజంతా ఆమె పాత నూనె డబ్బా మీద నేర్చుకుంది. ఆయన డబ్బాకి సొట్టలు పెట్టడం, ఆమె తియ్యడం. సాయంత్రానికి ఇద్దరికీ ఒక సంగతి అర్థమైంది. ఇనప రేకు సొట్టని లోతులోంచి కాదు, అంచుల నుంచి చుట్టూ తిరుగుతూ తియ్యాలి. ఒక్కోసారి గోరంత. లోతు చివరికి తనంతట తనే వస్తుంది.

"అలిగినవాళ్ళతో అసలు విషయం ముందే ఎత్తకూడదు," అంది ఆమె. "చుట్టూ మాట్లాడుకుంటూ రావాలి."

"మా ఆవిడ దగ్గర నాకా తెలివి లేకపోయింది," అన్నాడు పెద్దాయన. ఇద్దరూ నవ్వారు. చనిపోయిన మనిషి గురించి ఆ ఇంట్లో నవ్వడం అదే మొదలు. ఆయనకి మనసు తేలికైంది.

గురువారం కారు మీద చెయ్యి పెట్టారు. పెరట్లో బట్టలారేసే తాడు నీడ తలుపు రంగులో అద్దంలోలా కనిపిస్తుంది. బాగున్న చోట తాడు తిన్నగా ఉంటుంది, సొట్ట దగ్గరికి రాగానే పాములా మెలికపడుతుంది. ఆ మెలిక తిన్నబడాలి. ఎదురింటి దర్జీ గోడ మీంచి తొంగిచూసి, ఇంటికెళ్ళి తన సుద్ద తెచ్చాడు. ఎత్తుకి చుక్క, పల్లానికి గీత పెట్టుకోమన్నాడు.

"కోటు కొలతలు తీస్తున్నట్టుంది. నడుం దగ్గర కాస్త వదులు పెట్టండి," అన్నాడు.

"నీ నోరు కుట్టుకో ముందు," అన్నాడు పెద్దాయన.

ఆయన పలచని గుడ్డ ఒకటి అరచేతి కింద వేసుకుని, కళ్ళు మూసుకుని, తలుపు మీద మెల్లగా జరిపేవాడు. గుడ్డ మీంచి తడిమితే కంటికి కనపడనిది కూడా చేతికి తగులుతుంది. చెయ్యి వణుకుతూనే ఉండేది. ఆ వణుకు కింద అరచెయ్యి మాత్రం నిలకడగా వినేది. "ఇక్కడ," అనేవాడు. ఆమె లోపల కమ్మీ కొస అక్కడికి చేర్చి మెడ వంచి నొక్కేది. "కొంచెం. ఇంకొంచెం. చాలు." మొటిమని మాత్రం బయటి నుంచి, తోలు ముక్క వేసి, కొయ్య సుత్తితో తట్టాలి. దానికే ఒక పూట పట్టింది.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె తొందరపడింది. సుత్తి అనుకున్నదానికంటే గట్టిగా పడింది.

"ఒరేయ్! దెబ్బ కాదురా, తట్టు! బిడ్డని నిద్రపుచ్చినట్టు తట్టమన్నానా లేదా?"

అన్నాక ఆయన ఉలిక్కిపడ్డాడు. అంగట్లో పనివాళ్ళని అరిచినట్టు కోడల్ని అరిచాడు. "అయ్యో, అమ్మాయ్, నేను..."

ఆమె నుదుటి చెమట మోచేత్తో తుడుచుకుంటోంది. ముఖంలో కోపం లేదు. బడిలో మొదటి మార్కు తెచ్చుకున్న పిల్లలా ఉంది.

"సరే మేస్త్రీ," అంది.

శనివారం పొద్దు వాలేవేళకి తలుపు మీద తాడు నీడ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తిన్నగా నిలబడింది. పెద్దాయన గుడ్డతో మూడుసార్లు తడిమాడు. నాలుగోసారి గుడ్డ తీసేసి ఉత్త చేత్తో తడిమాడు. ఆమె సుత్తి పట్టుకునే పక్కన నిలబడింది.

"ఏది? ఎక్కడ మిగిలింది?"

"అదే వెతుకుతున్నాను," అన్నాడు.

కొడుకు వచ్చి, చేతులు కడుక్కోకుండానే కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. లోపలికి వెళ్ళి, బేకరీ నుంచి తెచ్చిన పొట్లం విప్పి, పెద్ద ముక్క భార్యకీ దాని తర్వాతది తండ్రికీ పెట్టాడు. ఆ వరస పెద్దాయనకి నచ్చింది.

*

సోమవారం ఆయన కూడా బయల్దేరాడు. బడి గేటు బార్లా తీసి ఉంది. గాలికి కదలకుండా దాని కింద ఎవరో ఇటుక పెట్టారు. వాచ్‌మన్ కారుని చూసి, వంగి ఇటుకని కాలితో ఇంకాస్త లోపలికి నెట్టాడు.

కోడలు ఇచ్చిన కాగితం పట్టుకుని మేనేజరు కారు దగ్గరికి వచ్చాడు. 'వెనక తలుపు' అని చదువుకుని, ఎడమవైపు వెనక తలుపు దగ్గరికి వెళ్ళాడు. వంగి చూశాడు. వేళ్ళతో రాశాడు. పెదవి విరిచాడు.

"ఇంకా తెలుస్తూనే ఉందమ్మా. ఇదిగో, ఇక్కడ. పైపైన చేసినట్టున్నారు."

పెద్దాయన ముందుకు అడుగేయబోయాడు. కోడలు ఆయన మోచెయ్యి మీద వేలు పెట్టింది.

"అది కాదు సార్," అంది నెమ్మదిగా. "దెబ్బ తగిలింది అటువైపు."

మేనేజరు నిటారుగా లేచాడు. చుట్టూ తిరిగి వచ్చాడు. ఈసారి చాలాసేపు చూశాడు. దగ్గరికి వచ్చి, దూరంగా వెళ్ళి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని చూశాడు.

"కొత్త తలుపు వేయించారా?"

"పాతదే సార్."

"ఏ షాపులో?"

"మా పెరట్లో."

మేనేజరు చూపు పెద్దాయన మీదకి తిరిగింది. వర్క్‌షాపు మేస్త్రి చూపు తిరిగినట్టే. "మీరు చేశారా?"

పెద్దాయన కుడిచెయ్యి చొక్కా జేబులో ఉంది. నలుగురిలోకి వచ్చినప్పుడల్లా అది అక్కడే ఉంటుంది. ఇప్పుడు దాన్ని బయటికి తీసి, అందరికీ కనపడేలా మేనేజరు ముందు చాపాడు. చెయ్యి ఎండుటాకులా వణికింది. ఆయన దాన్ని ఆపాలని చూడలేదు.

"ఈ చేత్తోనా బాబూ? చేసింది ఆ అమ్మాయి. నలభై ఏళ్ళు పని చేసినవాణ్ణి, చెబుతున్నాను. అలాంటి చెయ్యి నేను చూడలేదు."

మేనేజరు గొంతు సవరించుకుని సంతకం పెట్టబోయాడు. పెన్ను రాయలేదు. విదిలించాడు. వాచ్‌మన్ తన జేబులోంచి పెన్ను తీసి ఇచ్చాడు. సంతకం అయ్యాక కోడలు కాగితం అందుకోలేదు.

"ఒక మాట కొట్టెయ్యాలి సార్."

"ఏ మాట?"

ఆమె పాత మడత గీత పడిన మాటని వేలితో చూపించింది. మేనేజరు ఆ మాట చూశాడు. తర్వాత గేటు వైపు చూశాడు, దాని కింద ఇటుకని చూశాడు. వాచ్‌మన్ ఈసారి చెప్పులు చూసుకోలేదు, తిన్నగా మేనేజరు వైపే చూస్తున్నాడు. మేనేజరు కాగితాన్ని కారు మీదే పెట్టుకుని, ఆ ఒక్క మాట మీద గీత గీశాడు. ఆయన కాగితం పెట్టుకున్నది కుడివైపు వెనక తలుపు మీద. అది బల్లలా సమంగా ఆనింది.

ఆ సాయంత్రం ఆరుగురు పిల్లలూ మళ్ళీ అదే కారులో ఇళ్ళకి చేరారు. ఎవరో వెనక సీట్లో బిస్కెట్టు పొడి రాల్చారు, ఎవరో అద్దం మీద వేలితో పిల్లి బొమ్మ గీశారు. కోడలు తిట్టుకుంటూ ఊడ్చింది. అన్నాలయ్యాక, రేపు పెందలాడే లేవాలని, ఇంట్లో దీపాలు ఒక్కొక్కటే ఆరాయి. పెద్దాయన కుళాయి కట్టేసి వస్తూ, కారు వెనక తలుపు సరిగ్గా పడలేదని గమనించాడు. గట్టిగా వేస్తే ఆమె లేస్తుంది. రెండు అరచేతులూ దాని మీద ఆనించి, ఒళ్ళంతా కొంచెం ముందుకు వంచి, లోపల గడియ పడేదాకా మెల్లగా నొక్కాడు.